మేలుకున్న ఆటలు ఐదు

మార్చి 3

ఎండ. పడమటి గాలి, దుమ్ము. అయిదింటికి షెడ్డు తెరిచాను. గాలి జల్లెడలు నాలుగూ విప్పి దులిపాను. కాగుల అడుగున ఉప్పు పెళ్ళలు కట్టి ఉన్నాయి. గీకి గుంటలో పోసేసరికి పది దాటింది. సోలార్ పలకలు రెండు వరుసలు తుడిచాం. మూడో వరుస రేపు.

పాత పుస్తకాన్ని చెదలు తిన్నాయి. ఇది కొత్తది. పాతదాంట్లో ఉన్న అవసరమైన సంగతులు మళ్ళీ రాస్తున్నాను.

కంపెనీ ఒకప్పుడు పద్నాలుగు కంప్యూటర్ ఆటలు నడిపేది. ఒక్కో ఆటకు ఈ షెడ్డులో ఒక బీరువా ఉంది. దాని లోపల ఆ ఆట తాలూకు లోకమంతా ఉంటుందంటారు. నాకు తెలిసింది దాని వేడి. ఆట నడుస్తుంటే బీరువా కాగుతుంది. ఆ వేడిని గొట్టాల్లో కాగుల కిందికి తెచ్చి బోరులోని ఉప్పునీళ్ళు కాస్తాం. ఆవిరిని చల్లార్చి పట్టుకుంటే తాగే నీళ్ళు. ఒక బీరువాకు రోజుకు నలభై బిందెలు. మా ఊరు ఎర్రదిన్నెలో యాభై ఇళ్ళు. వేరే నీళ్ళు లేవు.

ఎవరూ ఆడని ఆటను కంపెనీ ఆపేస్తుంది. చచ్చిపోయింది అనరు, నిద్రలో ఉంది అంటారు. బయట ఊళ్ళలో ఈ పాత ఆటలు ఆడేవాళ్ళు లేరు. అందుకని మేమే ఆడతాం.

మేలుకున్నవి ఐదు: ముత్యాల ఓడ, కొండకోట, ఇనుపగద్ద, ఎనిమిదో చక్రం, మిణుగురు.

నిద్రలో ఉన్నవి తొమ్మిది. వాటి పేర్లు సుద్దతో బీరువాల మీదే రాసి ఉన్నాయి, పడుకున్న తేదీతో సహా. కంచుగుర్రం పడుకుని పదకొండేళ్ళు. దాని మీద మేకల తిక్కన్న కోడి గుడ్లు పెడుతోంది.

షెడ్డు కాపలా నాది. పేరు మద్దిలేటి. పదో తరగతి దాకా చదివాను. ఈ ఊరు వచ్చి ఎనిమిదేళ్ళు.

మార్చి 4

ఎండ. మూడో వరుస పలకలు తుడిచాం. రెండో కాగు మూత సరిగా కూర్చోవడం లేదు. సైకిల్ ట్యూబు కోసి పట్టీ వేశాను.

ఆటగదిలో ఇరవై కుర్చీలు. పొద్దున ఆరు నుంచి సాయంత్రం నాలుగు దాకా గంటకు ఇరవై మంది, ఆటకు నలుగురు. ఊళ్ళో చేతులాడే ప్రతి మనిషికీ రోజుకు ఒక గంట వంతు. ఈ ఏర్పాటు ఉరుకుందప్ప మామది. కాలువ పారిన రోజుల్లో ఆయన నీరటి. ఎవరి మడికి ఎంతసేపు నీళ్ళు వదలాలో ఆయనే చూసేవాడు. అప్పటి పద్ధతినే ఆటకూ పెట్టాడు. ప్రతి ఆటలోనూ ఒక దారి ఖాయం చేశాడు. దాన్ని సాలు అంటాం. కొండకోటలో గోడ చుట్టూ కుడి చేతి వైపు తిరగాలి. లోపలికి పోకూడదు. లోపల శత్రువులు ఉంటారు, చంపుతారు, మళ్ళీ మొదలయ్యేదాకా తెర నల్లబడి సమయం దండగ. ముత్యాల ఓడలో రెండు రేవుల మధ్య తిరగాలి. మిగతావీ అంతే. మిణుగురు పిల్లల ఆట. వాళ్ళకు సాలు నేర్పడం ఎవరి వల్లా కాలేదు, వదిలేశాం.

ఈ రోజు ముత్యాల ఓడలో పీరమ్మ వంతు ఆరు నుంచి ఏడు. ఏడుంబావు దాకా లేవలేదు. వెనక తిక్కన్న నిలబడి ఉన్నాడు.

"లేయ్ పీరమ్మా. నా గంట నాకియ్యి."

"ఉండప్పా. తుపాన్లో ఉండా."

"తుపాన్లోకి యాల పోతివి? రేవు నుంచి రేవుకే కదా మన సాలు?"

"ఆ రెండు రేవులూ ఆరేండ్లుగా చూస్తాండా. ఆడుండే కుక్కలు గూడ నన్ను చూసి మొరిగేది మానేసినాయి. అవతల ఏముందో చూస్తామని పోతి."

"ఏముంది?"

"నీళ్ళు."

గదిలో అందరూ నవ్వారు. ఓడ మునిగింది. ఉరుకుందప్ప మామ నవ్వలేదు. పీరమ్మకు మూడు రోజుల వంతు రద్దు, ఆ మూడు గంటలు పలకలు తుడవాలి అన్నాడు. రాసుకున్నాను.

మార్చి 6

ఎండ. గాలి లేదు. నెలనెలా ఆరో తారీకున కంపెనీ నుంచి జాబితా వస్తుంది. పదకొండింటికి తెర మీద పడింది.

కొండకోట: నిద్రలో.

రెండుసార్లు చదివాను. మధ్యాహ్నం పన్నెండింటికి ఆ బీరువా ఫ్యాన్లు ఆగాయి. మూడింటికి చేయి వేసి చూస్తే గోరువెచ్చగా ఉంది. సాయంత్రానికి మామూలు ఇనుము.

నాలుగు బీరువాలు. నూట అరవై బిందెలు. ఇంటికి మూడు, మిగిలిన పది మేకలకు.

మార్చి 7

ఉదయం షెడ్డు ముందర అందరూ కూర్చున్నారు. ఉరుకుందప్ప మామ అడిగాడు.

"ఎవరు ఎగ్గొట్టినారు చెప్పండి. నలభై మందీ ఆడింటే ఎట్ల పడుకుంటాది?"

ఎవరూ ఎగ్గొట్టలేదు. పుస్తకం చూసి చెప్పాను. కాకపోతే అయిదు నిమిషాలు, పది నిమిషాలు ఆలస్యంగా వచ్చినవాళ్ళు ఉన్నారు. మేక ఈనిందని ఒకరు, బిడ్డ ఏడ్చిందని ఒకరు.

"ఆ కరెంటుతోనే నేరుగా నీళ్ళు కాచుకుంటే పోదా?" అని వెనక నుంచి ఒక ఆడమనిషి అంది.

"నేను చూడలేదనుకుంటివా?" అన్నాడు తిక్కన్న. "బీరువాకు తప్ప దేనికి తగిలించినా ఆగిపోతాది. రెండేండ్ల కింద తీగ తగిలించి, మూడు దినాలు ఊరంతటితో తిట్లు తింటి."

"తిట్లు ఇంగా బాకీ ఉండాయిలే," అంది పీరమ్మ.

నేను ఒక ఉపాయం చెప్పాను. గంట గంటకూ ఈల వేస్తాను, ఇరవై మందీ ఒక్కసారే కూర్చోవాలి, ఒక్కసారే లేవాలి. ఒక్క నిమిషం పోకూడదు. ఉరుకుందప్ప మామకు నచ్చింది. సాలు కూడా గట్టి చేద్దామన్నాడు. ఎవరు ఏ మలుపు దగ్గర ఎప్పుడు తిరగాలో నేర్పుతానన్నాడు.

ఇంటికొచ్చాక నా భార్య ఈరమ్మ అడిగింది. "ఇంగో రెండు పడుకుంటే?"

ఈ ఊళ్ళో ఒక కట్టుబాటు ఉంది. ఇంటికి రెండు బిందెల కన్నా తగ్గితే, చివర వచ్చినవాళ్ళు ముందు పోవాలి. మిగిలినవాళ్ళకు రెండేసి దక్కాలి. వచ్చిన రోజు నేనూ సంతకం పెట్టాను. మా తర్వాత ఈ ఊరికి ఎవరూ రాలేదు.

"పడుకోవు," అన్నాను.

"నిన్నడగలే. బీరువాల్నడిగినా," అని ఈరమ్మ పొయ్యి దగ్గరికి పోయింది. మా కూతురు సుజి అప్పటికే నిద్రపోయింది. దానికి తొమ్మిదేళ్ళు.

మార్చి 19

నలభై ఒక్క డిగ్రీలు. మొదటి కాగు గీకాను. పంపు బెల్టు మార్చాను.

ఈల బాగా పనిచేస్తోంది. రోజుకు పదకొండు ఈలలు. ఇరవై మంది కూర్చుంటారు, ఇరవై మంది లేస్తారు. ఎనిమిదో చక్రంలో ఐదు బండ్లు వరసన ఎడ్లబండ్ల లాగా పోతున్నాయి. ఒకటి ముందుకు పోదు, ఒకటి వెనక పడదు. ఉరుకుందప్ప మామ వెనక చేతులు కట్టుకుని తిరుగుతూ చూశాడు. ఇంత చక్కగా ఎప్పుడూ ఆడలేదు అన్నాడు. నాకూ అట్లాగే అనిపించింది.

ఏప్రిల్ 6

నలభై మూడు. ఉదయం నుంచి జాబితా కోసం తెర ముందే ఉన్నాను. కాగులు గీకలేదు.

ఎనిమిదో చక్రం: నిద్రలో.

ఈసారి కింద ఒక వాక్యం ఉంది. "మనిషి చేయి కనబడలేదు."

మూడు బీరువాలు. నూట ఇరవై బిందెలు. ఇంటికి రెండు. మేకలకు ఇరవై, అవి సరిపోవు. ఇంకొకటి పడుకుంటే కట్టుబాటు అమలవుతుంది. లెక్క వేశాను. ఎనభై బిందెలు, నలభై ఇళ్ళు. పది ఇళ్ళు పోవాలి. మాది మొదటిది.

ఆ వాక్యం చూపిస్తే ఉరుకుందప్ప మామ తన రెండు చేతులూ తిప్పి చూసుకున్నాడు.

"ఇవి కనబళ్ళేదంటనా వాళ్ళకి?"

ఏప్రిల్ 9

కంపెనీకి ఉత్తరం రాసి పంపాను. ఇక్కడ ఆడేది మనుషులేనని, రెండు వందల మందిమని, వచ్చి చూసుకోవచ్చని. ఊరివాళ్ళ వేలిముద్రలు వేయించాను. నలభై నాలుగు డిగ్రీలు. తిక్కన్న మేకలు రెండు చచ్చాయి.

ఏప్రిల్ 22

కంపెనీ నుంచి మనిషి వచ్చింది. పేరు హర్షిణి. ముప్పై ఏళ్ళుంటాయి. బండి దిగగానే మొహం కడుక్కోవడానికి నీళ్ళు అడిగింది. ఈరమ్మ చెంబుతో ఇచ్చింది. సగం వాడి, మిగతాది తిరిగి ఇచ్చేసింది. ఎవరో చెప్పి పంపినట్టున్నారు.

రోజంతా ఆటగదిలో మూలన కూర్చుని చూసింది. సాయంత్రం నాలుగింటికి చివరి ఈల వేశాను. గది ఖాళీ అయింది. ఆమె లేవలేదు.

"ఈ ఈల ఎన్నాళ్ళ నుంచి?"

"మార్చి ఏడు నుంచి."

ఆమె తన తెర తిప్పి నాకు చూపించింది. సన్న గీతలు. మార్చికి ముందు గీతలు కొంచెం అటూ ఇటూ ఉన్నాయి. ఈల తర్వాత నాగలి పట్టి గీసినట్టు ఉన్నాయి. ఒకదాని మీద ఒకటి.

"ఈ ఏడాది లెక్క చూసే మిషన్ మారింది," అంది ఆమె. "మనుషుల పేరు చెప్పి మిషన్లతో ఆడించేవాళ్ళు ఎక్కువయ్యారు. అందుకని అది చేతిని చూస్తుంది. తప్పులు, తొందర, విసుగు. ఓడిపోయి మళ్ళీ మొదలుపెట్టడం. సగంలో వదిలేయడం. మీ దగ్గర అవేమీ లేవు. రెండు వందల మందికీ ఒకటే చేయి."

"ముందు నుంచీ ఇట్లాగే ఆడుతున్నాం."

"కొండకోట అందుకే పడింది. కానీ మిగతావి ఇంకో ఏడాది నడిచేవి. ఇంత తిన్నగా చేసింది ఈ నెలలోనే."

 ఈల జేబులో ఉంది.

ఏప్రిల్ 23

ఊరు మొత్తాన్నీ పిలిచి హర్షిణి గారు చెప్పారు. ఆమె ఈల గురించి చెప్పలేదు. నేనూ చెప్పలేదు.

"కోట లోపలికి మీలో ఎవరైనా వెళ్ళారా?" అని అడిగారు.

"యాల పోవాలమ్మా?" అన్నాడు ఉరుకుందప్ప మామ. "పోతే సంపుతారంట కదా."

"చంపనివ్వండి. ఆట అంటే అదే."

"పని ఇడిసిపెట్టి సచ్చేదానికి పోతారా ఎవరన్నా?"

"ఇది పని కాదండీ."

అక్కడ కూర్చున్నవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. చివరికి తిక్కన్న అన్నాడు. "పని కాకపోతే మేం పదేండ్లు యాల చేసినామమ్మా?"

ఎంతమంది ఆడితే చాలు అని అడిగాను. నలభై అన్నది మేం పెట్టుకున్న లెక్కే. కంపెనీ ఎప్పుడూ చెప్పలేదు. ఆమె కొంచెం ఆలోచించి, ఆటకు ఎనిమిది పది మంది చాలు, మనసు పెట్టి ఆడితే అన్నారు. అట్లా ఆడుతున్నవాళ్ళ పేర్లు చదివారు, గీతలు చూసి. ముత్యాల ఓడలో పీరమ్మ. మిణుగురులో పిల్లలంతా. ఇనుపగద్దలో ఒక్కరూ లేరు.

"మిమ్మల్ని మనుషులని రాసి పంపుతాను," అన్నారు. "కానీ నా రాత లెక్కలోకి వచ్చేది సెప్టెంబరులో. ఈలోపు జాబితా మిషన్‌దే."

ఏప్రిల్ 24

హర్షిణి గారు వెళ్ళారు. బండి ఎక్కుతూ నాతో ఒక మాట చెప్పారు. షెడ్డులో కాపలాదారు లేని రోజు కంపెనీ మొత్తం ఆపేస్తుంది, సెలవు పెట్టొద్దు అని. తెలుసు అన్నాను.

మధ్యాహ్నం ఈలను ఉప్పు గుంటలో పారేశాను. ఈరమ్మతో చెప్పాను, దాని వల్లే ఎనిమిదో చక్రం పడిందని.

"అందరూ ఒప్పుకునే కదా కూర్చునింది," అంది.

"చెప్పింది నేను."

"అయితే చెప్పు పోయి. కడుపులో పెట్టుకుంటే నీళ్ళొస్తాయా?"

సాయంత్రం ఉరుకుందప్ప మామకు చెప్పాను.  సాలు పెట్టింది తనే కదా అన్నాడు ఆయన. ఇంకెవరికీ చెప్పొద్దన్నాడు. 

ఏప్రిల్ 25

ఉరుకుందప్ప మామే అందరికీ చెప్పాడు, రెండు తప్పులూ తనవే అన్నట్టు.

మే 6

నలభై అయిదు. మూడో కాగు గొట్టం కారుతోంది. మట్టి పట్టించి గుడ్డ చుట్టాను.

జాబితా వచ్చింది. మూడూ మేలుకునే ఉన్నాయి. ముత్యాల ఓడ, ఇనుపగద్ద, మిణుగురు.

ఈ పది పన్నెండు రోజులు వంతులు లేవు. ఎవరికి ఇష్టముంటే వాళ్ళు ఆడారు. పీరమ్మ పొద్దున కూర్చుంటే మధ్యాహ్నం గంజి తాగడానికి లేస్తుంది. ఆమె దగ్గర ఇంకో ఆరుగురు చేరారు. ఒక దీవి దొరికిందని పెద్ద కేక పెట్టింది. ఇనుపగద్దలో ఇద్దరు కుర్రవాళ్ళు, తిక్కన్న కూర్చుంటున్నారు. తిక్కన్న రోజుకు ముప్పై సార్లు కూలిపోతున్నాడు.

"అది గద్దనా కోడినా?" అంది పీరమ్మ.

"కోడే. గుడ్లు పెట్టేకి దిగుతాండా," అన్నాడు.

జాబితా చదివి వినిపించాక ఇంటింటికీ పోయి చెప్పాను. మా ఇంట్లో సుజికి ముందు చెప్పాను.

మే 12

నలభై అయిదు. పడమటి గాలి మళ్ళీ మొదలైంది. పలకల మీద వేలెడు దుమ్ము. తుడవడానికి ఎనిమిది మందే వచ్చారు.

దాని మీదే గొడవ. ఆటగదిలో ఫ్యాన్లు ఉన్నాయి. బయట పలకలు కాలుతున్నాయి. ఆడేవాళ్ళు పది మంది రోజంతా నీడలో, తుడిచేవాళ్ళు ఎండలో. నీళ్ళు మాత్రం అందరికీ రెండేసి.

"నా కోడలు చేతులు చూడండి," అంది ఒక ముసలామె. బొబ్బలు. "పీరమ్మ దీవులు చూస్తాంటే నా కోడలు పలకలు రుద్దాల్నా?"

"రాండి, కూర్చోండి. ఎవరొద్దనిరి?" అంది పీరమ్మ.

"మాకు ఆడేకి రాదు. నీ మాదిరి పిచ్చి లేదు మాకు."

"పిచ్చి లేదని పంచాయితీ పెట్టేది ఈ ఊర్లోనే చూస్తి."

హర్షిణి గారు చెప్పిన మాట నేను మళ్ళీ చెప్పాను. మనసు పెట్టి ఆడేవాళ్ళు పది మంది చాలు, వాళ్ళను ఆడనిద్దాం, సెప్టెంబరు దాకా అని. పలకల పనిలో వాళ్ళ వాటా నేను చేస్తానన్నాను.

"నువ్వొక్కడివి పది మంది పని ఎట్ల చేస్తావప్పా?" అన్నాడు ఉరుకుందప్ప మామ. కోపంగా అనలేదు. "నీళ్ళు సమానమైతే ఎండా సమానం కావాల. లేకపోతే ఈ ఊరు నిలబడదు. నీళ్ళుండీ కొట్టుకోని పోయిన ఊర్లు నేను చూసినా."

చేతులెత్తమన్నారు. మళ్ళీ వంతులే గెలిచాయి. అయితే ఈసారి సాలు వద్దన్నారు. ఎవరి గంటలో వాళ్ళు ఇష్టమొచ్చినట్టు ఆడాలి. తప్పులు చేయాలి, కూలిపోవాలి, విసుగుపడాలి. పీరమ్మను మాత్రం రెండు గంటలు ఆడనిద్దామన్నాను. ఒప్పుకున్నారు.

మే 15

ఇష్టమొచ్చినట్టు ఆడమంటే ఎట్లా ఆడాలని ఇంటింటి నుంచీ అడుగుతున్నారు.

ఉరుకుందప్ప మామ ఒక కాగితం తయారు చేశాడు. మొదటి బ్యాచ్ పది నిమిషాలకు ఒకసారి కూలిపోవాలి. రెండో బ్యాచ్ పదిహేను నిమిషాలకు. మూడో బ్యాచ్ సగంలో వదిలేసి, రెండు నిమిషాలు ఊరికే కూర్చుని, మళ్ళీ మొదలుపెట్టాలి. ఎవరికీ తక్కువ కూలడం, ఎక్కువ కూలడం లేకుండా.

"మామా, ఇదీ సాలే," అన్నాను.

"ఎట్లప్పా? తప్పులు చేయమనిరి, చేయిస్తాండాము కదా?"

"ఎవరి తప్పు వాళ్ళకు రావాల."

"రాకుంటే?"

 తిక్కన్న ఆ కాగితం చూసి తనకిక ఉత్సాహం లేదని, పలకల పనికే పోతానని చెప్పాడు. ఆయన గంటను వాళ్ళ పెద్దమ్మకు ఇచ్చారు. ఆమెకు కళ్ళు సరిగా కనబడవు. పదిహేను నిమిషాలకు ఒకసారి సరిగ్గా కూలిపోతుంది.

మే 28

నలభై ఆరు. గాలి జల్లెడలు రోజుకు రెండుసార్లు. రెండో కాగు పట్టీ మళ్ళీ మార్చాను.

పగలు సుజి మిణుగురు ఆడడానికి పోయినప్పుడు, ఈరమ్మ రెండు సంచులు దింపి దులిపింది. ఈ ఊరు వచ్చినప్పుడు తెచ్చుకున్న సంచులవి. 

నేనూ ఇనుపగద్ద ఆడి చూశాను, నా గంట కాక ఇంకో గంట, అందరూ వెళ్ళిపోయాక. గద్ద ఎగిరింది. కింద పొలాలు పచ్చగా ఉన్నాయి. ఆడుతున్నంతసేపూ బీరువా వేడి ఎంతుందో అని చూసుకుంటూనే ఉన్నాను. నాలుగుసార్లు కూలిపోయాను. నాలుగూ కావాలని చేసినవే.

జూన్ 6

నలభై నాలుగు. తూర్పున మబ్బు కనిపించి పోయింది.

పదకొండింటికి జాబితా.

ముత్యాల ఓడ: మేలుకుని ఉంది. మిణుగురు: మేలుకుని ఉంది. ఇనుపగద్ద: నిద్రలో.

పన్నెండింటికి ఫ్యాన్లు ఆగాయి. సుద్దతో తేదీ రాశాను.

మేలుకున్నవి రెండు. నిద్రలో ఉన్నవి పన్నెండు. ఎనభై బిందెలు.

జూన్ 7

షెడ్డు ముందర కూర్చున్నారు. ఎవరూ ఎవరినీ తిట్టలేదు. ఉరుకుందప్ప మామ నన్ను పుస్తకం తెమ్మన్నాడు. ఏ ఇల్లు ఏ ఏడు వచ్చిందో దాంట్లో ఉండాలి. పాతదాన్ని చెదలు తిన్నాయని చెప్పాను.

"ఇంగ నువ్వు ఏది రాస్తే అదే," అన్నారెవరో.

నిజమే. కానీ అందరికీ గుర్తుంది. చివరి నుంచి పది ఇళ్ళు రాశాను. మొదటి పేరు నాదే రాశాను. పదో పేరు రాసి ఆగాను. పదకొండోది పీరమ్మ ఇల్లు.

ఉరుకుందప్ప మామ కాగితం తీసుకుని చదివాడు. "కాపలాదారు ఇల్లు లెక్కలోకి రాదు. షెడ్డు చూసేవాడు లేకుంటే అందరమూ పోవాల. మద్దిలేటి ఇల్లు కొట్టేయి."

కొంతమంది తలలూపారు. కొట్టేస్తే పదో ఇల్లు పీరమ్మది అవుతుందని అందరికీ తెలుసు.  పీరమ్మ కూతురు నెల బిడ్డను ఎత్తుకుని ఆమె పక్కనే కూర్చుని ఉంది.

నేను కలం పట్టుకునే ఉన్నాను. కొట్టేయాలనే ఉంది. అది ఇక్కడ రాయకపోతే అబద్ధమవుతుంది.

ఈరమ్మ ఆడవాళ్ళ వైపు నుంచి లేచింది.

"మామా, ఒగ మాట. ఓడను మేలుకొలుపుతాండేది ఎవరు?"

"అందరమూ ఆడతాండాము కదమ్మా."

"మీరు ఆడేది ఆ కంపెనీ అమ్మి చూసి చెప్పిపాయ. పీరమ్మత్త పోతే ఓడ పడుకుంటాది. ఓడ పడుకుంటే ఇంగో ఇరవై ఇండ్లు. అప్పుడు మనమంతా యాడుంటాము?"

ఈరమ్మ నా వైపు చేయి చూపించింది.

"ఆయప్ప ఉంటాడు. షెడ్డుకు కావాల కాబట్టి. నేను, సుజి పోతాము, ఆయప్ప నీళ్ళు మీరు తలా ఇన్ని తీసిపెట్టండి. పేరు కొట్టేయద్దు."

"ఒగ మనిషికి ఒగ బిందె చాలు," అన్నాడు తిక్కన్న.  తర్వాత తల వంచుకున్నాడు.

పీరమ్మ ఈరమ్మ దగ్గరికి వచ్చింది. "ఏమ్మీ, నా తిక్కతో నువ్వు ఇల్లిడిసి పోవాల్నా?"

"నువ్వు ఆడత్తా. బాగా ఆడు. రోజూ మునుగు," అంది ఈరమ్మ.

పేరు కొట్టేయలేదు.

జూన్ 9

ఎండ. తిక్కన్నకు కాగులు గీకడం నేర్పడం మొదలుపెట్టాను. పెళ్ళలు గీకడం, జల్లెడలు, పంపు వారంలో వస్తాయి. బీరువాల పని నేర్పడానికి ఏడాది పడుతుంది. కొత్త కాపలాదారుగా ఇంకొకరిని ఒప్పుకోవాలంటే కంపెనీ పరీక్ష పెడుతుంది. ఇదంతా ఈరమ్మతో చెప్పాను.

"ఏడాది అంటే వచ్చే ఎండాకాలం."

"అంతే."

"తిక్కన్న పరీక్ష పాసయ్యే మొగమేనా?"

"చూడాల."

"అయితే రెండేండ్లు," అంది. నవ్వలేదు, నేనూ నవ్వలేదు.

ఊళ్ళు విడిచినవాళ్ళుండే నదిపక్క క్యాంపుకు తెర మీద ఉత్తరం రాశాను. అక్కడ బడి ఉందని, రేకుల ఇళ్ళు ఇస్తారని జవాబు వచ్చింది.

జూన్ 11

వంతుల కాగితం చింపేశారు. ఉరుకుందప్ప మామే చింపాడు. పీరమ్మ, ఆమె దగ్గర చేరిన ఆరుగురు, పిల్లలు మాత్రమే ఆడాలి. మిగతా ఊరంతా పలకలు తుడవాలి, ఆయనతో సహా. డెబ్బై ఏళ్ళ మనిషి ఉదయం గుడ్డ పట్టుకుని వచ్చాడు. రెండో వరుసలో కూర్చుని తుడిచాడు. చివర ఆయన తుడిచిన పలక మీద దుమ్ము మిగిలితే నేను మళ్ళీ తుడవలేదు.

ఇది మే పన్నెండునే చేసి ఉంటే అని ఎవరూ అనలేదు.

సుజి మిణుగురులో తన గూడు ఎవరికి ఇవ్వాలని అడిగింది. అందులో పిల్లలు తలా ఒక గూడు కట్టుకుంటారట. నాకు తెలియదు. అన్నేళ్ళలో ఒక్కసారీ చూడలేదు. పీరమ్మ మనవడు పెద్దయ్యాక తీసుకుంటాడని చెప్పాను. అప్పటిదాకా ఎవరు చూస్తారని అడిగింది. నేను చూస్తానన్నాను. ఎట్లా ఆడాలో గంటసేపు చూపించింది. నాకు సరిగా రాలేదు. ఒకసారి నిజంగానే ఓడిపోయాను.

జూన్ 14

మబ్బు లేదు. నలభై మూడు. అయిదింటికి షెడ్డు తెరిచాను. జల్లెడలు దులిపాను. మొదటి కాగు తిక్కన్న గీకాడు. ఎనభై బిందెలకు రెండు తక్కువ వచ్చాయి. గొట్టం కారడం వల్ల.

ఊరు విడిచి పోయినవాళ్ళు పది ఇళ్ళు, ముప్పై ఎనిమిది మంది. ఉదయం ఆరున్నర బండిలో ఆరు ఇళ్ళు, ఇరవై నలుగురు. సాయంత్రం నాలుగూ పది బండిలో నాలుగు ఇళ్ళు, పద్నాలుగు మంది. ఈరమ్మ, సుజి రెండో బండిలో.